మువ్వ కట్టిన పలుపు

మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తిమీద కూర్చుంది. మంచినీళ్ళ బావి దగ్గర పదకొండు బిందెలు వరసగా ఉన్నాయి. మనుషులు మాత్రం నలుగురే ఉన్నారు.

ఆ ఏడు ఆళ్ళగడ్డకు ఆషాఢం వచ్చింది గానీ వాన రాలేదు. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు అది. బావిలో ఊట సన్నబడింది. రెండు బిందెలు తోడితే చాలు, అడుగున రాళ్ళు కనపడేవి. మళ్ళీ నీళ్ళు ఊరేదాకా కూర్చోవాలి. కూర్చునే తీరిక ఎవరికుంది? అందుకని వరసలో బిందె పెట్టి పనికి పోయేవాళ్ళు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. వరస కదిలినప్పుడు లేనివాళ్ళ బిందెను పక్కనున్నవాళ్ళే ముందుకు జరిపేవాళ్ళు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పి పెట్టిన సంగతి కాదు. అట్లా జరిగిపోయేది, అంతే.

ఓబుళమ్మ బిందె తొమ్మిదోది. ఆ పిల్లకు పదేళ్ళు. చింతగింజల్లాంటి కళ్ళు, మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ. వరస కదలగానే తన బిందెను ముందుకు లాక్కుంది. ముందున్న సొట్టబిందె అట్లాగే ఉండిపోయింది. దాని మనిషి లేదు.

"ఏమే, ఆ బిందె జరపలేదేం?" అంది బావిగట్టు మీద కూర్చున్న రంగనాయకమ్మవ్వ.

"అది నాది కాదు గదవ్వా."

"నీది కాదులే. దానికి కాళ్ళుండాయా, నడిచి పోనీకె?" అంటూ అవ్వే మోకాళ్ళు పట్టుకుని లేచి జరిపింది. లేచినందుకు ఒక మూలుగు, కూర్చున్నందుకు ఒక మూలుగు.

ఓబుళమ్మ మనసు అక్కడ లేదు. అది శనివారం. సాయంత్రం దేవరాజు మామ అరుగు మీద మైకు పెడతారు. ఈ పొద్దు తను పాడుతుంది. నాయన వింటాడు.

దేవరాజుది మైకుసెట్టు అంగడి. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు బాడుగకు ఇచ్చేవాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా. సెట్టుకు పని లేదు, దేవరాజుకూ పని లేదు. సన్నాయి ఊదే రంగయ్యకూ పని లేదు. పని లేకపోతే ఒళ్ళు విశ్రాంతి పడుతుందనుకుంటాం గానీ, మనసు ఊరికే అలిసిపోతుంది. ఒక శనివారం రంగయ్య ఆ అరుగు మీద కూర్చుని, "అప్పా దేవరాజూ, సన్నాయి ఊదక నా దవడలు తుప్పు పడ్తాండాయి" అన్నాడు. దేవరాజు లోపలి నుంచి మైకు తెచ్చి ముందర పెట్టాడు. అట్లా మొదలైంది.

తరువాత ఎవరు వస్తే వాళ్ళే. టైలరు దస్తగిరి బుల్‌బుల్ తార వాయించేవాడు. నాటు వేసేవాళ్ళు నాటు పాట, తిరగలి విసిరేవాళ్ళు తిరగలి పాట. పెద్దా చిన్నా లేదు. ఒక్కటే నియమం. పాడదలచుకున్నవాళ్ళు తమ వస్తువు ఒకటి తెచ్చి అరుగు అంచున వరసలో పెట్టాలి. బావి దగ్గర బిందె పెట్టినట్టు. ఆ వరస ప్రకారమే పాట.

వరస ఎందుకంటే, మైకు బ్యాటరీతో నడిచేది. ఆ బజారుకు ఇంకా కరెంటు రాలేదు. బ్యాటరీ ఉన్నంతసేపే పాట. అది అయిపోతే మళ్ళీ చార్జీ చేయించడానికి నంద్యాల పోవాలి. నంద్యాలకు తీసుకుపోయి తెచ్చేది ఎవరనుకున్నారు? ఓబుళమ్మ నాయన శేషయ్య. ఆయన నంద్యాల బస్సు డ్రైవరు. వారమంతా రాత్రులు నంద్యాలలోనే పడుకునేవాడు. శనివారం ఐదింటికి బస్సు ఆళ్ళగడ్డ వస్తే ఆరున్నర దాకా ఆగేది. ఇంట్లో వాళ్ళకు ఆయన దొరికేది ఆ గంటన్నరే.

ఓబుళమ్మ పాట బడిలో అందరూ విన్నారు. పంతులమ్మ మెచ్చుకుంది. అమ్మ వంట చేస్తూ వింది. నాయన ఒక్కడే వినలేదు. ఆ ఒక్కటీ ఆ పిల్లకు కంట్లో నలుసులా ఉండేది.

* * *

బిందె ఇంట్లో దించేసరికి నాలుగైంది. అమ్మ పద్మమ్మ గడప దగ్గర కూర్చుని విత్తనం బుడ్డలు ఒలుస్తూ ఉంది. బుడ్డలంటే వేరుశనక్కాయలు. పొద్దున మొదలుపెట్టిన మూట, సగం కూడా కాలేదు. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుంది. పేలిక మీద నెత్తురు మరక ఉంది.

"యాడికే అట్ల ఉరుకుతాండావు? రోంత సంగటి తిని పో."

"వచ్చి తింటా మా. వరసలో పలక పెట్టాల."

"నాయన వస్తే ఇంటికొచ్చి మజ్జిగ తాగిపొమ్మని చెప్పు. వస్తాడో రాడో" అంది అమ్మ. తల ఎత్తి చూసే ఓపిక కూడా లేదు ఆమెకు.

ఓబుళమ్మ పోయేసరికి వరసలో అప్పటికే ఐదు వస్తువులు ఉన్నాయి. మొదట రంగయ్య ముక్కుపొడుం డబ్బీ. తరువాత దస్తగిరి టేపు, చుట్ట చుట్టి. మూడోది ఒక పలుపు ముక్క. పశువును కట్టేసే తాడు ముక్క అది. పాతది, నలుపెక్కి ఉంది. చివర చిన్న ఇత్తడి మువ్వ కట్టి ఉంది. నాలుగోది ఎవరిదో విసనకర్ర. ఐదోది కళ్ళజోడు గూడు. ఓబుళమ్మ తన పలకను ఆరోదిగా పెట్టింది.

ఐదైంది. బస్సు రాలేదు. ఐదున్నరైంది. రాలేదు. అరుగు ముందర జనం చేరారు. పొలం నుంచి వచ్చినవాళ్ళు, అంగళ్ళు మూసినవాళ్ళు. ఎవరికీ గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. గోడకు ఒకరు, స్తంభానికి ఒకరు ఆనుకున్నారు.

ఆరింటికి పది నిమిషాలు ఉందనగా బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. శిరివెళ్ళ దగ్గర టైరు పంచరైందట. శేషయ్య బ్యాటరీని భుజాన పెట్టుకుని తెచ్చి అరుగు మీద దించాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"నాయనా, ఈ పొద్దు నేను పాడ్తా. నువ్వు ఉండాల."

"ఉంటా పాపా. ఆరున్నర దాకా ఉంటా" అని స్తంభం పక్కన కూలబడ్డాడు.

ఓబుళమ్మ లెక్క వేసుకుంది. రంగయ్య తాత సన్నాయి ఎత్తుకుంటే పావుగంట దించడు. దస్తగిరి మామ తార సరిచేసుకునే పనికే ఐదు నిమిషాలు. ఆ తరువాత ఇంకా మూడు. తన వంతు వచ్చేసరికి బస్సు శిరివెళ్ళ కూడా దాటిపోతుంది.

వరస వైపు చూసింది. మూడోదాని దగ్గర ఎవరూ లేరు. పలుపు ముక్క. ఎవరో పారేసి పోయి ఉంటారు అనుకుంది. వరసలో పెట్టిన వస్తువును ఎవరూ పారేయరని ఆ పిల్లకు తెలుసు. తెలిసే అట్లా అనుకుంది. బ్యాటరీ తెచ్చింది మా నాయనే కదా అని కూడా అనుకుంది. మనసుకు ఒక సాకు చాలకపోతే రెండోది వెతుక్కుంటుంది.

దేవరాజు వీపు తిప్పి తీగలు కలుపుతున్నాడు. జనం బస్సు టైరు సంగతి మాట్లాడుకుంటున్నారు. ఓబుళమ్మ పలుపు తీసి ఆరోచోట పెట్టింది. పలకను మూడోచోట పెట్టింది. మువ్వ 'ఘల్' అంది. ఒక్కసారే. అది ఓబుళమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదు.

* * *

రంగయ్య అనుకున్నట్టే పావుగంట ఊదాడు. దస్తగిరి తీగలు బిగించి, వదులు చేసి, మళ్ళీ బిగించి, చివరికి వాయించాడు. దేవరాజు మూడో వస్తువు పైకెత్తాడు.

"పలక! ఎవరిది?"

"నాది మామా!"

బడిలో నేర్చుకున్న వానపాట పాడింది. రేకు గొట్టం లోంచి తన గొంతు బజారంతా పోతుంటే ఒళ్ళు జల్లుమంది. తప్పు లేకుండా పాడింది. పాట చివరి మాట పాడి నాయన వైపు చూసింది.

శేషయ్య నిద్రపోతున్నాడు. స్తంభానికి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పొద్దున నాలుగింటికి లేచిన మనిషి. పంచరు టైరు విప్పి వేసిన మనిషి. ఆయనకు ఆ పాట జోలపాట అయింది.

జనం చప్పట్లు కొట్టారు. గోడ దగ్గర నిలబడ్డ ముసలాయన ఒకాయన అందరికంటే గట్టిగా కొట్టాడు. తలకు తువ్వాలు, రెప్పల మీద తెల్లటి రాతిదుమ్ము. "బాగా పాడినావు తల్లీ. మేఘం వింటే దిగొచ్చు" అన్నాడు.

ఆరున్నరకు కండక్టరు వచ్చి శేషయ్యను తట్టి లేపాడు. ఆయన ఉలిక్కిపడి లేచాడు. "అయిపోయిందా పాపా?" అని అడిగి, జవాబు వినకుండానే బస్సు దగ్గరికి పరుగెత్తాడు. మజ్జిగ సంగతి చెప్పడం ఓబుళమ్మ మరిచిపోయింది.

నాలుగో పాట అయింది. ఐదో పాట సగంలో ఉండగా గొట్టం గొంతు సన్నబడింది. చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఆగిపోయింది.

"బ్యాటరీ అయిపోయిందప్పా. మళ్ళా శనివారమే" అన్నాడు దేవరాజు. వరసలో మిగిలినదాన్ని ఎత్తాడు. 'ఘల్' అంది. "ఈ పలుపు ఎవరిది?"

"నాదేనప్పా" అన్నాడు రాతిదుమ్ము ముసలాయన. "సామ్యేలు నా పేరు. కొలిమిగుండ్ల నుంచి నాపరాళ్ళ బండి తోలుకొచ్చినా, ఈడ కొత్త బడి కడ్తాండారు గదా, దానికి. మూడోది పెట్టింటి ఇది."

"ఆరోది ఉండె తాతా."

ముసలాయన అరుగు దగ్గరికి వచ్చి, వంగి, ఖాళీ అయిన వరసను చూశాడు. కళ్ళు నలుపుకున్నాడు. "ఆరోదా? అట్లయితే నేనే తప్పు పెట్టింటా. కండ్లు పోతాండాయి అప్పా. మొన్న గూడ మా కొడుకు అంటాండె, నాయనా నీకు కండ్లు కనపడవు, బండి తోలద్దని. వాడు చెప్పిందే నిజమేమో" అన్నాడు.

ఓబుళమ్మ తన పలకను వీపు వెనక దాచుకుంది.

"ఏం పాడాలనుకుంటివి తాతా?" అని అడిగాడు దేవరాజు.

"పెద్దగా ఏం లేదులేప్పా. బండి పాట. మా నల్లోనికి వినిపిద్దామని." ఎదురుగా బండ్లు విప్పే మిట్ట వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఒక నల్ల ముసలి ఎద్దు కళ్ళు మూసుకుని నెమరు వేస్తూ ఉంది. "ఇరవై ఏండ్లుగా నా పాట వింటే గాని కదిలేటోడు కాదు వాడు. రెండేండ్లుగా చెవుడు. పాడినా వినపడదు. నడుస్తాండాడు గాని, పాట లేకుండా నడుస్తాండాడు. మైకులో అయితే వినపడ్తాదేమోనని ఆశ. ఇంక లారీలు వచ్చినాయి. మా బండ్లు ఎవరు పిలుస్తారు? ఇంకొక్క బండి రాయి తోలితే నా పనీ అయిపోయె, వాని పనీ అయిపోయె."

మిట్ట మీది నుంచి ఎవరో కేక వేశారు. "సామ్యేలన్నా! బండ్లు కదుల్తాండాయి, బేగా రా!"

"వస్తాండా, వస్తాండా." ముసలాయన దేవరాజు చేతిలోని పలుపు వైపు చూశాడు. "అది ఈడనే ఉండనీ అప్పా. ఆ చివరి బండి శనివారం పడితే పాడ్తా. పడకుంటే లేదు."

ఆయన నడుము పట్టుకుని మెల్లగా మిట్ట ఎక్కాడు. నల్లోడిని కాడికి కట్టాడు. పెదవులు కదిలాయి. పాడుతున్నాడేమో. ఎద్దు చెవి కదలలేదు. వీపు మీద చెయ్యి వేస్తే కదిలింది.

ఇంటికి పోతే అమ్మ ఇంకా బుడ్డలు ఒలుస్తూనే ఉంది. "నాయన విన్నాడా?" అని అడిగింది.

"నిద్రపోయినాడు."

"అట్లనా" అంది అమ్మ. అలసట తెలిసినవాళ్ళు అంతకంటే ఏమంటారు? ఓబుళమ్మ సంగటి ముట్టలేదు. అమ్మ పక్కన కూర్చుని తనూ ఒలవసాగింది. చేతిలో కాయ పగిలినప్పుడల్లా గింజలు గలగలమన్నాయి. ఆ పిల్లకు మాత్రం మువ్వ చప్పుడే వినపడింది.

* * *

మరుసటి శనివారం ఓబుళమ్మ అందరికంటే ముందు పోయింది. దేవరాజును అడిగి పలుపు తీసుకుని వరసలో మొదట పెట్టింది. పలక పెట్టలేదు.

సామ్యేలు తాత రాలేదు. మొదటి వంతు వచ్చినప్పుడు దేవరాజు పలుపు ఎత్తి, "మనిషి లేడు" అని చివర పెట్టాడు. రెండో ఆయన పాడాక ఓబుళమ్మ దాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది.

"ఏందీ పాపా నీ గోల? ఆ తాత నీకేమైతాడు?" అని విసుక్కున్నాడు దేవరాజు.

ఓబుళమ్మ బస్సు దగ్గరికి పోయి, ఇంజనులో నీళ్ళు పోస్తున్న నాయన పక్కన నిలబడింది. జరిగిందంతా చెప్పింది. పలుపు ఎట్లా జరిపిందీ, తాత తన కళ్ళనే ఎట్లా తిట్టుకున్నాడూ.

శేషయ్య నీళ్ళడబ్బా కింద పెట్టాడు. తరువాత నవ్వాడు, కానీ అది నవ్వులా లేదు.

"నేను నిద్రపోయే పాట కోసరం, ఆ తాత పాట ఆపితివా."

"నువ్వు వినాలనే గదా నాయనా..."

"వినేదుండె. తప్పు నాది గూడ ఉండాదిలే." తుండుగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "రోజూ దావలో బండ్లు అడ్డం వస్తాంటాయి పాపా. లోపల అరవైమంది, పోనీ, పోనీ అని అరుస్తాంటారు. నేను హారను గూడ కొట్టను. ఎద్దు బెదురుతాది. దాని వెనకాలే నిదానంగా పోతా. ఆలస్యమైతాది. అయితే ఏం? వాళ్ళు గూడ యాడికో పోతాంటారు గదా."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఓబుళమ్మకు కొంచెం తేలికగా ఉండేదేమో.

* * *

ఆషాఢంలో చివరి శనివారం వచ్చింది. రెండు రోజుల్లో శ్రావణం. దేవరాజు మైకుసెట్టుకు అప్పుడే మూడు పెళ్ళిళ్ళు కుదిరాయి. "ఈ పొద్దు అయితే మళ్ళీ వచ్చే ఆషాఢమే" అని అందరికీ చెప్పేశాడు.

బస్సు ఆ రోజు ఐదింటికే వచ్చింది. శేషయ్య ఇంటికి పోయి మజ్జిగ తాగాడు. మొహం కడుక్కుని తల దువ్వుకున్నాడు. హోటల్లో గట్టి టీ ఒకటి తాగి, స్తంభం దగ్గర కాదు, ఆనుకోవడానికి ఏమీ లేని చోట, మైకు ముందర కూర్చున్నాడు.

"ఈ పొద్దు నిద్రపోను పాపా. పోతే గిచ్చమని దస్తగిరికి చెప్పినా."

"గిచ్చను. సూదితో పొడుస్తా" అన్నాడు దస్తగిరి.

పద్మమ్మ కూడా వచ్చింది. వేళ్ళకు పేలికలతోనే వచ్చి, ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

ఓబుళమ్మ ఈసారి పలుపును మొదట, తన పలకను చివర పెట్టింది. పలుపు మొదటి వంతుకు మనిషి లేక పలక వెనక్కి పోయింది. ఒకరి తరువాత ఒకరు పాడారు. మాసంలో చివరి శనివారమని అందరూ కొంచెం ఎక్కువే పాడారు. గొట్టం గొంతు అప్పుడే సన్నబడుతూ ఉంది. దేవరాజు పెట్టె మీద చెవి పెట్టి విన్నాడు. "ఒక్క పాట వస్తాదేమో. పలక! రా పాపా, బేగా రా."

ఓబుళమ్మ మైకు ముందుకు వచ్చింది. నాయన కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. ఆ కళ్ళలో నిద్ర లేదు.

నోరు తెరిచింది. అప్పుడే మిట్ట వైపు నుంచి బండి ఇరుసు కిర్రుమంది. ఒక బండి వచ్చి ఆగింది. దాని నిండా నాపరాళ్ళు. నొగల మధ్య నుంచి ఒక మనిషి మెల్లగా దిగాడు. ముందు ఒక కాలు, కొంతసేపటికి రెండో కాలు. ఎద్దులను విప్పాడు. విప్పగానే నల్లోడు ఉన్నచోటే కూలబడ్డాడు. ముసలాయన అరుగు వైపు తువ్వాలు ఊపుతూ రాసాగాడు. పరుగెత్తాలని చూశాడు. కాళ్ళు రాలేదు.

ఓబుళమ్మ నాయన వైపు చూసింది. నాయన అనడానికి అందులో ఏమీ లేదు.

ఆ పిల్ల అరుగు అంచుకు పోయింది. తన పలక తీసింది. పలుపు తెచ్చి ఆ చోట పెట్టింది. పలకను చివర పెట్టింది. 'ఘల్' అంది. ఈసారి మైకు దగ్గరగా ఉంది కాబట్టి ఆ చప్పుడు బజారంతా వినపడింది.

"ఈ వంతు సామ్యేలు తాతది" అంది మైకులో. "తాత మొదటిసారి వచ్చినప్పుడు మూడోదే పెట్టినాడు. నేనే జరిపినా. మా నాయన బస్సు పోతాదని."

దేవరాజు "ఏందీ?" అన్నాడు. పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబుళమ్మ కాలి బొటనవేలితో అరుగు గీరుతూ నిలబడింది.

సామ్యేలు తాత అరుగు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, ఆ పిల్లను కిందికీ మీదికీ చూశాడు. ఆయన మొహం మెల్లగా విప్పారింది.

"అంటే నా కండ్లు బాగానే ఉండాయన్నమాట!" అన్నాడు. "ఇదో, అందరూ వినండప్పా! సాక్ష్యం మీరే. మా కొడుకుకు చెప్పాల!"

జనం గొల్లున నవ్వారు. ఓబుళమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"మామా, గొట్టం బజారు దిక్కు ఉండాది. మిట్ట దిక్కు తిప్పాల" అంది.

దేవరాజు నిచ్చెన వేశాడు. శేషయ్య కింద పట్టుకున్నాడు. గొట్టం మొహం నల్లోడి వైపు తిరిగింది. ముసలాయన చెవి మీద చెయ్యి పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు.

"నడువు నడువు నల్లోడా, నాపరాళ్ళ బండోడా,
పొద్దు గుంకక ముందు మనము ఊరు చేరుదామురా.
ఎగువ దావ నీకు బరువు, దిగువ దావ నాకు బరువు,
ఇద్దరమూ ముసలోళ్ళమే, ఎవరికెవరు బరువురా."

గొప్ప గొంతు కాదు. దుమ్ము తిన్న గొంతు. కానీ అది గొట్టంలోంచి పోయి మిట్టను తాకింది. నల్లోడు నెమరు ఆపాడు. ఒక చెవి కదిలింది. రెండోది కదిలింది.

తరువాత జరిగింది చూసి ఎవరూ నవ్వలేదు. నల్లోడు ముందు మోకాళ్ళు ఊని, వణుకుతూ లేచాడు. లేచి, ఎవరూ చెప్పకుండానే బండి కాడి దగ్గరికి పోయి, మెడ వంచి నిలబడ్డాడు. పాట వినపడింది కదా. నడవాలి కాబోలు అనుకున్నాడు.

ముసలాయన పాట ఆగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మైకును రెండు చేతులతో పట్టుకుని అన్నాడు.

"వద్దు నాయనా. పండుకో. ఇంక నడిచే పని లేదురా. ఊరికే పాడినా, నీకోసరం. పండుకో."

గొట్టం ఒకసారి గరగరమని ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయింది.

ఓబుళమ్మ అరుగు దిగి పరుగెత్తింది. పలుపు చేతిలోనే ఉంది. నల్లోడి మెడ మీద చెయ్యి వేసి నిమిరింది. వాడి చెవి దగ్గర మువ్వ ఆడించింది. చాలాసేపటికి వాడు కాడి వదిలి, మెల్లగా కూలబడ్డాడు. సామ్యేలు తాత వచ్చేదాకా ఆ పిల్ల అక్కడే కూర్చుంది. ఆయన చేతికి పలుపు ఇచ్చింది.

ఆరున్నరైంది. శేషయ్య బస్సెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కిటికీ లోంచి తల బయటపెట్టి, "నీ పాట ఉండిపోయె గదా పాపా" అన్నాడు.

"వరసలో ఉండాది నాయనా."

"అయితే వచ్చే ఆషాఢం దాకా మేలుకునే ఉంటా" అన్నాడు. హారను కొట్టలేదు. మిట్ట దాటేదాకా బస్సును నిదానంగా పోనిచ్చాడు.

* * *

మరునాడు మధ్యాహ్నం మంచినీళ్ళ బావి దగ్గర మళ్ళీ అదే వరస. వాన ఇంకా రాలేదు. అమ్మ మూట ఇంకా అయిపోలేదు. ఓబుళమ్మ బిందె ఏడోది.

వరస కదిలింది. ముందున్న సొట్టబిందె దగ్గర మనిషి లేదు. అది ఎవరిదో ఓబుళమ్మకు ఇప్పటికీ తెలియదు. రంగనాయకమ్మవ్వ మోకాళ్ళు పట్టుకుని లేవబోయింది.

"కూచో అవ్వా" అంది ఓబుళమ్మ. వంగి, ముందు ఆ సొట్టబిందెను జరిపింది. తరువాత తనది జరుపుకుంది.